పత్రికా వ్యాసాల డేటాబేస్‌లో చదివిన వ్యాసాన్ని ఉదహరించేటప్పుడు బ్రౌజర్‌లోని లింకు ఇస్తే సరిపోతుందా?

సరిపోదు, రచయిత, వ్యాసం పేరు, పత్రిక, సంపుటి, సంచిక, సంవత్సరం, పుటలు ఇచ్చి, చివర ఆ వ్యాసానికి శాశ్వతంగా కేటాయించిన గుర్తింపు సంఖ్యను, అంటే డీఓఐని, లింకు రూపంలో జతచేయాలి. లాగిన్ అయ్యాక పైపట్టీలో కనిపించే లింకు తరచుగా ఆ సెషన్‌కో, ఆ గ్రంథాలయ సభ్యులకో మాత్రమే పనిచేస్తుంది కాబట్టి, దాన్ని నొక్కిన పాఠకుడికి వ్యాసానికి బదులు లాగిన్ పేజీ ఎదురవుతుంది. 10తో మొదలయ్యే డీఓఐ మాత్రం, ప్రచురణకర్త వెబ్‌సైటు చిరునామా మారినా, నమోదును సరిచేస్తున్నంత కాలం అదే వ్యాసానికి చేరుస్తుంది.

ఉదాహరణకు, వ్యాసం 41–63 పుటల్లో ఉండి, మీరు 47వ పుటలోని వాక్యాన్ని ఉదహరిస్తే, ఆధారాలు చూపే పద్ధతుల్లో ఒకటైన షికాగో పద్ధతిలో పాదసూచికలో 47 అనీ, గ్రంథసూచిలో 41–63 అనీ వేయాలి. డీఓఐ రెండింటిలోనూ ఒకటే. అది లేని పాత వ్యాసాలకు జేస్టోర్ వంటి డేటాబేస్‌లు విడిగా చూపే స్థిరమైన లింకు వాడవచ్చు.

చాలామంది డేటాబేస్‌నే ప్రచురణకర్తగా భావించి, పత్రిక పేరు ఉండవలసిన చోట దాని పేరు వేస్తారు. నిజానికి అది వ్యాసాన్ని భద్రపరిచి అందిస్తుందే తప్ప ప్రచురించదు. ఎం.ఎల్.ఏ. అనే మరో పద్ధతి డేటాబేస్ పేరును పత్రిక వివరాల తర్వాత అడుగుతుంది, ఏ.పీ.ఏ. పద్ధతిలో సాధారణంగా ఆ పేరే అక్కర్లేదు.