హెచ్‌ఐవీ మీద పరిశోధనను వృత్తిగా పెట్టుకోవచ్చా? తిరుపతి నుంచి ఒక జవాబు

తిరుపతిలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నానని, ఎమ్మెస్సీ వైరాలజీలో (వైరస్‌ల శాస్త్రం) చేరి హెచ్‌ఐవీ మీద పరిశోధన చేయాలని ఉందని రాశారు. అంటుకుంటుందేమోనని ఇంట్లో భయపడుతున్నారట. మందులు వచ్చేశాక ఇంకా చేయడానికి ఏముంది అని స్నేహితులు అంటున్నారట. జీతం సంగతి కూడా అడిగారు. నేను చిత్తూరు పక్క పల్లెలో పుట్టి, ఎస్వీ యూనివర్సిటీలో వైరాలజీ చదివి, హెచ్‌ఐవీ మందులకు లొంగకుండా ఎలా మారుతుందన్న అంశం మీద పీహెచ్‌డీ చేసి, కొన్నేళ్లు వేరే రాష్ట్రాల్లో పనిచేసి మళ్లీ తిరుపతి చేరినదాన్ని. చూసింది చూసినట్టు చెబుతాను.

భయం సంగతి ముందు తేల్చేద్దాం, అది అన్నిటికంటే తేలిక. హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకున్నా, సోకే అవకాశం సుమారు వెయ్యికి మూడు మాత్రమే. అదే సూదిలో హెపటైటిస్-బి ఉంటే, టీకా వేసుకోనివారికి అది నూటికి ఆరు నుంచి ముప్పై దాకా ఉంటుంది. అందుకే ఈ రంగంలో కొత్తగా చేరినవారిని గైడ్లు మొదట అడిగేది హెపటైటిస్-బి టీకా వేసుకున్నారా అని. హెచ్‌ఐవీ విషయంలో ప్రమాదం జరిగినా 72 గంటల లోపల మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడే పద్ధతి ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. పైగా చాలామంది విద్యార్థులు బతికున్న వైరస్‌ను ముట్టుకోనే ముట్టుకోరు. రసాయనాలతో వైరస్‌ను చంపి, అందులోంచి తీసిన ఆర్‌ఎన్‌ఏతో, అంటే వైరస్ జన్యు పదార్థంతో పని. వైరస్‌ను పెంచే పని వేరే కట్టుదిట్టాలున్న ల్యాబ్‌లలో, శిక్షణ పూర్తయినవారే చేస్తారు.

బంధువుల భయం మాత్రం ఏ టీకాకూ లొంగదు. నాకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఒక కుటుంబం అంతా కుదిరాక, ‘అమ్మాయి ఆ జబ్బు మీద పనిచేస్తుందట కదా’ అని వెనక్కి తగ్గింది. మా అమ్మ ఆ తర్వాత కొంతకాలం అందరికీ నేను డెంగీ మీద పనిచేస్తున్నానని చెప్పుకుంది. డెంగీకి మన ఊళ్లో గౌరవం ఉంది మరి, ఇంటికొకరికి వచ్చింది కదా!

ఇప్పుడు ‘ఇంకా ఏముంది’ అన్న ప్రశ్న. దీనికి సరైన జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి, అదీ మన పక్కకే. మన చిత్తూరు వైపు పెద్ద జబ్బు చేస్తే బస్సెక్కేది రాయవేలూరు (వెల్లూరు) సీఎంసీకే, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికే. భారతదేశంలో హెచ్‌ఐవీ ఉందని మొదట తేలింది కూడా ఆ ఆసుపత్రి ల్యాబ్‌లోనే. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీలో పీజీ విద్యార్థిని డాక్టర్ సెల్లప్పన్ నిర్మల తన గురువు డాక్టర్ సునీతి సోలమన్ సూచనతో సెక్స్ వర్కర్ల రక్త నమూనాలు సేకరించారు. సరైన వసతి లేక వాటిని ఇంట్లో ఫ్రిజ్‌లో దాచారు. తర్వాత మంచు పెట్టెలో పెట్టుకుని, భర్తతో కలిసి రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి, అక్కడి నుంచి ఆటోలో సీఎంసీకి తీసుకెళ్లారు. వైరాలజీ విభాగాధిపతి డాక్టర్ జాకబ్ జాన్ ల్యాబ్‌లో ఎలైజా అనే రక్త పరీక్ష చేస్తే ఆరు నమూనాలు పాజిటివ్‌గా వచ్చాయి. మన దేశంలో ఆ జబ్బు రాదని పెద్దలు ధీమాగా ఉన్న కాలం అది. ఒక విద్యార్థి థీసిస్ ఆ ధీమాను పోగొట్టింది.

దీనికంటే నాకు ఇష్టమైన కథ పారిస్‌ది. ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాసే ఎంజైము, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఉందని 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా కనుక్కున్నారు. అప్పట్లో అదంతా కోళ్లలో, ఎలుకల్లో కణితులు తెచ్చే వైరస్‌ల గొడవ. మనుషులకు దానితో పనేముందన్నవాళ్లు చాలామంది. ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ల తరబడి ఎలుకల రెట్రోవైరస్‌లతోనే, అంటే ఆ ఎంజైము ఉండే వైరస్‌లతోనే గడిపారు. 1983లో ఎయిడ్స్ లక్షణాలు మొదలవుతున్న ఒక రోగి గ్రంథి ముక్క ఆమె ల్యాబ్‌కు వచ్చినప్పుడు, దాని కణాలను పెంచి ఏ ఎంజైము కోసం వెతకాలో ఆమె చేతులకు అప్పటికే తెలుసు. అలా హెచ్‌ఐవీ దొరికింది. 2008లో ల్యూక్ మోంటాన్యేతో పాటు ఆమెకు నోబెల్ వచ్చింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మీరు ఒక వైరస్‌ను ఎంచుకోవాలనుకుంటున్నారు, నేను వద్దంటున్నాను. పని నేర్చుకోండి, వైరస్ తర్వాత వస్తుంది. ఎస్వీయూలో నేను చదివిన రోజుల్లో మా చేతికి మొదట వచ్చినవి వేరుశనగ ఆకులు, మదనపల్లె వైపు నుంచి తెచ్చిన ముడుచుకుపోయిన టమాటా ఆకులు. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ అది. ‘రైతుల జబ్బులు మనకెందుకు’ అని మేమంతా మూతులు ముడుచుకునేవాళ్లం. కానీ న్యూక్లిక్ ఆమ్లం చెడిపోకుండా తీయడం, ప్రైమర్లు (జన్యువులో కావలసిన చోటును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రాసుకోవడం, జెల్ మీద డీఎన్‌ఏ గీత రాకపోతే తప్పు ఎక్కడుందో ఓపిగ్గా వెతకడం, ఇవన్నీ ఆ ఆకులే నేర్పాయి. తర్వాత రోగుల రక్తంలోంచి తీసిన ప్లాస్మా గొట్టం చేతికొచ్చినప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే. 2020 మార్చి నాటికి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైరల్ ల్యాబ్ లాంటి చోట్ల కోవిడ్ పరీక్షలు మొదలైనప్పుడు, రాత్రింబవళ్లు పీసీఆర్ యంత్రాల ముందు నిలబడినవారిలో ఎక్కువమంది అంతకు ముందు డెంగీ, చికున్‌గున్యా, హెపటైటిస్, హెచ్‌ఐవీ చూసినవాళ్లే. డబ్ల్యూహెచ్‌ఓ ముఖ్య శాస్త్రవేత్తగా పనిచేసిన సౌమ్యా స్వామినాథన్ కూడా అంతకు ముందు చెన్నైలో క్షయ, హెచ్‌ఐవీల మీదే పనిచేశారు.

సరే, హెచ్‌ఐవీలో మిగిలింది ఏమిటంటే, చాలా ఉంది. 1987లో మొదటి మందు జిడోవుడిన్ వచ్చింది. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడంతో చావులు తగ్గాయి. 2001లో సిప్లా ఏడాది మందులను 350 డాలర్లకే ఇస్తామనడంతో పేద దేశాలకు దారి తెరుచుకుంది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్ర. సక్రమంగా వేసుకుని రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గితే, లైంగికంగా ఇంకొకరికి సోకదు కూడా. కానీ మాత్ర ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది. అది మన కణాల డీఎన్‌ఏలోనే తన ప్రతిని అతికించుకుని, నిద్రపోతున్న సీడీ4 అనే రోగనిరోధక కణాల్లో దాగి ఉంటుంది. పనిచేయని కణాన్ని మందు ఏం చేస్తుంది? టీకాల సంగతి మరీ నిరాశ. 2009లో థాయ్‌లాండ్ ప్రయోగంలో 31 శాతం రక్షణ కనిపిస్తే అదే పండగ అయింది, ఆ తర్వాత వచ్చిన పెద్ద ప్రయోగాలు దాన్ని కూడా నిలబెట్టలేకపోయాయి. మరోవైపు 2024లో ఆరు నెలలకోసారి వేసే లెనాకపావిర్ ఇంజెక్షన్ ఆఫ్రికాలో రెండు వేల మందికి పైగా యువతులకు ఇస్తే ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. అది టీకా కాదు, మందు. కానీ ఆ ఫలితం చూసిన రోజు మా ల్యాబ్‌లో మిఠాయిలు పంచుకున్నాం. ఇక మన దేశంలో ఎక్కువగా ఉన్నది హెచ్‌ఐవీలో సి ఉపరకం. బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ పరిశోధన సంస్థలో ఉదయ్‌కుమార్ రంగా బృందం ఆ ఉపరకం మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. ప్రపంచంలో హెచ్‌ఐవీ సోకినవారిలో దాదాపు సగం మందిలో ఉన్నది ఈ ఉపరకమే. అయినా ప్రయోగశాలల్లో తరతరాలుగా వాడిన నమూనాలు ఎక్కువగా అమెరికా, ఐరోపాల్లోని బి ఉపరకానివి. మనవాళ్లు చేయాల్సిన పని ఇక్కడ బోలెడు.

నా పీహెచ్‌డీ గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ వృత్తి నన్ను మార్చింది అక్కడే. మందులు వాడుతున్నా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) తగ్గని వారి రక్తం నుంచి వైరస్ జన్యువును చదవడం నా పని. తరచుగా కనిపించేది ఎం184వి అనే మార్పు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌లో 184వ స్థానంలో మెథియోనిన్ పోయి వాలీన్ వస్తుంది. జన్యువులో మారేది ఒక్క అక్షరం, దానితో లామివుడిన్ అనే హెచ్‌ఐవీ మందు దాదాపు పనిచేయకుండా పోతుంది. కంప్యూటర్ తెరమీద ఆ అక్షరం కనిపించినప్పుడల్లా నాకు ఏదో కనిపెట్టినంత సంబరంగా ఉండేది. సమ్మతి పత్రాల కోసం హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కూర్చోవడం మొదలయ్యాక ఆ సంబరం తగ్గింది. పలమనేరు వైపు మనిషి తన ఊరికి దగ్గరి కేంద్రం వదిలి, తెలిసినవాళ్లు చూస్తారని దూరం వచ్చేవాడు. కూలి దొరికిన నెల ఛార్జీలుంటాయి, దొరకని నెల మాత్రలు అయిపోయినా రాలేడు. ఇంకొకామె అత్తగారికి తెలియకుండా మాత్రలు బియ్యం డబ్బాలో దాచేది. పండగకు ఇంటినిండా చుట్టాలు దిగితే ఆ నాలుగు రోజులూ మాత్ర లేనట్టే. వైరస్ ఎలా మారిందో జన్యువును చదివే సీక్వెన్సింగ్ చెప్పగలదు. ఎందుకు మారే సందు దొరికిందో చెప్పింది ఆ కేంద్రంలోని కౌన్సెలర్. నా థీసిస్‌లో నాకు ఇప్పటికీ నచ్చే అధ్యాయం ఆవిడతో కూర్చుని రాసినదే. పరీక్షకుడు దాన్ని ‘శాస్త్రం తక్కువ’ అన్నాడు, నేను ఒప్పుకోలేదు.

జీతం: నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, దానిపై ఇంటి అద్దె భత్యం. తిరుపతిలో బతకడానికి చాలు. కష్టం పీహెచ్‌డీ తర్వాత మొదలవుతుంది. ప్రాజెక్టు ఉద్యోగాలన్నీ కాంట్రాక్టువే. ప్రాజెక్టు అయిపోతే మళ్లీ దరఖాస్తులు. నేను పనిచేసిన ఒకచోట నెలల తరబడి జీతం ఆగి, బకాయిలు ఒకేసారి వచ్చాయి. ఆ లోపల ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలో తెలియక నలిగిపోయాను. నా బ్యాచ్‌లో కొందరు ఆ దశలోనే మందుల కంపెనీలకు, డయాగ్నస్టిక్ కిట్ల సంస్థలకు వెళ్లిపోయారు. వాళ్లు సుఖంగానే ఉన్నారు, వాళ్లను తప్పుపట్టను. 2025లో అమెరికా నిధులు కోసేశాక హెచ్‌ఐవీ పరిశోధనకు విదేశీ డబ్బు మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో అందరికీ తెలిసొచ్చింది. ఐసీఎంఆర్, డీబీటీ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల పథకాల మీద కన్నేసి ఉంచండి. పుణేలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థ ఇప్పుడు పేరు మార్చుకుని మిగతా వైరస్‌ల మీద కూడా పనిచేస్తోంది. గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టే తెలుస్తుంది.

రోజువారీ జీవితం సినిమాల్లో చూపించినట్టు ఉండదు. పిపెట్ పట్టుకుని బొటనవేలు నొప్పి పుడుతుంది. కరెంటు పోతే మొదటి పరుగు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ దగ్గరికే. ఆయుధ పూజ రోజున పీసీఆర్ యంత్రానికి పసుపు, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మర్నాడు కంట్రోల్ (సరిచూసుకునే నమూనా) పాడైతే ‘దిష్టి సరిగ్గా తీయలేదు’ అని నవ్వుకుంటాం.

ఎక్కడ చదవాలంటే, వైరాలజీకి ప్రత్యేక విభాగం ఉన్న యూనివర్సిటీలు దేశంలో కొద్దే, మీ ఊళ్లో ఒకటుంది. దగ్గరలోనే స్విమ్స్, ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ) ఉన్నాయి, రాయవేలూరు కొన్ని గంటల దూరం. ఎమ్మెస్సీ ప్రాజెక్టును పేరున్న సంస్థలోనే చేయాలని పట్టుబట్టకండి. మీచేత స్వయంగా పని చేయించే ల్యాబ్‌ను వెతకండి. చేరేముందు అక్కడి సీనియర్లతో గైడు లేనప్పుడు మాట్లాడండి. నెట్ పరీక్ష మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే చదవడం మొదలుపెడితే తొందర ఉండదు. ఈలోపు హెపటైటిస్-బి టీకా మొదటి డోసు వేయించుకోండి. రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. ప్రాజెక్టు సెమిస్టర్ వచ్చేసరికి మూడూ పూర్తయి ఉండాలి, ఆ కార్డు జాగ్రత్తగా దాచుకోండి, ప్రతి ల్యాబ్‌లోనూ అడుగుతారు.