తమ్ముడూ, నీ కథని కిందకి దించు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివా. ఇంగ్లండ్‌లో బెన్సన్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో ఉండే 606 చిల్టర్న్ స్క్వాడ్రన్ మీద, అంటే వేరే ఉద్యోగాలు చేసుకుంటూ వీకెండ్లలో బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్‌కి పనిచేసే రిజర్వ్ దళం మీద, తెలుగులో కథ రాయాలనే ఆలోచన నాకు చాలా నచ్చింది, పక్కనే రెడింగ్‌లో మనవాళ్ళు ఇంతమందిమి ఏళ్ళ తరబడి ఉంటూ నెత్తి మీద నుంచి హెలికాప్టర్ వెళ్తే తలెత్తి చూడ్డమే గానీ దాని వెనక ఉన్న మనుషుల మీద రాసిన కథ ఒక్కటీ నా కంటపడలేదు.

కానీ నీ హీరో పైలట్ ఎందుకయ్యాడు? ఆ స్క్వాడ్రన్‌కి సొంత హెలికాప్టర్లే లేవు కదా. నువ్వెక్కడ పొరపడ్డావో అర్థమైందిలే. 1924లో ఆగ్జిలరీ ఎయిర్ ఫోర్స్ అని ఈ రిజర్వ్ దళాన్ని పెట్టినప్పుడు వీకెండ్ వాళ్ళే విమానాలు నడిపారు, 1940లో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధవిమానాలు నడిపిన స్క్వాడ్రన్లలో వాళ్ళవీ ఉన్నాయి. నువ్వు చదివింది ఆ కాలం గురించి. 1957లో ఆ ఫ్లయింగ్ స్క్వాడ్రన్లన్నీ తీసేశారు. 606 పని వేరు, రెగ్యులర్‌గా, ఫుల్‌టైమ్ పనిచేసే హెలికాప్టర్ దళాలకి చేయి అందించడం, అంటే మెకానిక్కులు, డ్రైవర్లు, స్టోర్స్ వాళ్ళు, ఆపరేషన్స్ రూమ్‌లో కూర్చునేవాళ్ళు. ఇరాక్‌కి, అఫ్ఘానిస్తాన్‌కి కూడా అలాగే వెళ్ళారు. ఇంకోటి, నీ కథ 2026లో జరుగుతోంది, అందులో పూమా హెలికాప్టర్ ఎగురుతోంది, పూమాలు 2025 మార్చిలోనే రిటైరయ్యాయి, అది మార్చు. చినూక్ హెలికాప్టర్ పెట్టుకో, కానీ అవి ఉండేది ఒడిహామ్ అనే ఇంకో బేస్‌లో.

ఇప్పుడు అసలు సంగతి. నీ మనిషిని నేల మీద నిలబెట్టు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎక్కడో గ్యారేజీలో కార్లు రిపేర్ చేస్తాడనుకో, ఏడాదికి కనీసం 27 రోజులు ట్రైనింగ్‌కి రావాలి, అందులో 15 రోజులు ఏకబిగిన. ఆ 15 రోజులకి ఓనర్‌ని ఎలా ఒప్పించాడు, ఇంట్లో ఎవరి పుట్టినరోజు పోయింది, ఇవన్నీ నువ్వు రెండు లైన్లలో తేల్చేశావు, నాకు కథ అక్కడే ఉందనిపించింది.

ఇంకా పెద్ద సీన్ కావాలంటే ఒక స్పానర్ చాలు. ఎయిర్‌క్రాఫ్ట్ మీద పనిచేసేవాళ్ళ టూల్ బాక్స్‌లో ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గూడు చెక్కి ఉంటుంది, పని అయ్యాక ఒక్క గూడు ఖాళీగా కనిపించినా ఆ హెలికాప్టర్ లేవదు, అది దొరికేదాకా అందరూ వెతకాల్సిందే, ఎందుకంటే ఆ స్పానర్ లోపల కంట్రోల్స్‌లో ఇరుక్కుంటే పైన ఉన్నవాళ్ళ ప్రాణాలు పోతాయి. ఇప్పుడు ఆ ఖాళీ గూడు నీ హీరోదే అనుకో. రాత్రి, వాన, రేపు పొద్దున్నే వెళ్ళాల్సిన మెషిన్, చుట్టూ రెగ్యులర్ వాళ్ళు, మధ్యలో వీకెండ్‌కి వచ్చిన ఇతను, నా స్పానర్ లేదు అని తనంతట తానే నోరు తెరిచి చెప్పాలి. నీ ఆకాశం సీన్ నాలుగు పేజీలుంది, అందులో నాకు ఒక్కసారి కూడా గుండె దడ రాలేదు, ఇది రాస్తే వస్తుంది.

చినూక్ కింద లోడ్ తగిలించే చోటు కూడా ఒకసారి ఊహించుకో, నెత్తి మీద రెండు రోటర్లు, మనిషిని నిలబడనివ్వని గాలి, రోటర్ల వల్ల పుట్టిన స్టాటిక్ కరెంట్ షాక్ కొట్టకుండా ముందు ఆ కరెంట్‌ని నేలలోకి పంపే ఎర్త్ రాడ్ దాని కొక్కేనికి తాకించి ఆ తర్వాతే చేయి పెట్టాలి. నీ కథలో లోడ్ తగిలించేవాడు ఆ కొక్కేన్ని వట్టి చేత్తో పట్టేసుకున్నాడు. ఆ పని తెలిసినవాడు చదివితే అక్కడే పక్కన పడేస్తాడురా.

2024లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మావాళ్ళు మేడ మీద నిలబడి హెలికాప్టర్ కోసం చూశారు, ఆ రోజు నేను ఫోన్‌లో అడిగినవన్నీ పైలట్ గురించే. ఆ మెషిన్‌కి తెల్లారుజామున ఇంధనం పట్టినవాళ్ళు, అందులో నీళ్ళు కలిశాయేమోనని శాంపిల్ తీసి చూసినవాళ్ళు నా బుర్రకే తట్టలేదు. అందుకే నీకు ఇంత పట్టుబట్టి చెప్తున్నా.

ముందు ఆ స్పానర్ సీన్ ఒక్కటి రాసి పంపు. శనివారం ఖాళీగానే ఉంటా, ఫోన్ చెయ్యి.

మీ అన్నయ్య