నాన్న రాసిన నోటుకి కొడుకు బాకీ పడతాడా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. మా నాన్నగారు 10-03-2022న ఊళ్లో ఒక షావుకారు దగ్గర 2 లక్షలు తీసుకుని, నూటికి 2 రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసిచ్చారట. 2025 జనవరిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మేలో కాలం చేశారు. నాలుగేళ్ల వడ్డీతో కలిపి 4,72,000 కట్టమని, లేదంటే పెద్దమనుషుల ముందు నా పేరున నోటు తిరగరాయమని షావుకారు పట్టుబడుతున్నాడు. నోటు రెండువైపులా ఫొటో తీసి పంపాడు. వెనక 06-03-2025న వెయ్యి రూపాయలు చెల్లు వేసి, నాన్నగారి సంతకం ఉంది. ఆయన ఖాళీ చెక్కు కూడా తన దగ్గరుందంటున్నాడు. నాన్నగారి పేర 80 సెంట్ల పల్లం, పెంకుటిల్లు ఉన్నాయి. అమ్మ, పెళ్లయిన చెల్లి ఉన్నారు. నేను విశాఖలో ప్రైవేటు ఉద్యోగిని. ఈ బాకీ నేను కట్టాలా?

జవాబు: నోటు తిరగరాయకండి. మిగతావన్నీ తర్వాత.

ఈరోజు మీరు బాకీదారు కాదు, బాకీదారుకి వారసులు మాత్రమే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్ల ప్రకారం చనిపోయిన మనిషి ఆస్తి వారసుడి చేతికి ఎంత వచ్చిందో అంతవరకే అప్పు వసూలు చేసుకోవాలి. అంటే షావుకారు డిక్రీ తెచ్చుకున్నా ఆ పల్లం మీదకో ఇంటి మీదకో రావాలి తప్ప మీ జీతం మీదకి, మీరు సొంతంగా కొనుక్కున్న వాటి మీదకి రాలేడు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమనే పాత హిందూ ధర్మశాస్త్ర సూత్రం ఆధారంగా కొడుకుని బాధ్యుణ్ణి చేయడం 09-09-2005 తర్వాత చేసిన అప్పులకి కుదరదు. హిందూ వారసత్వ చట్టం 6(4) ఆ దారి మూసేసింది. తగువులో పున్నామ నరకం మాట ఎవరైనా ఎత్తితే వినండి, కానీ అది కోర్టులో చెల్లదు.

మీ పేరున నోటు రాసిన మరుక్షణం ఈ రక్షణ పోతుంది. అది మీ సొంత అప్పు. అమ్మగారు, చెల్లెలు కూడా మీతో సమాన వారసులే అయినా భారమంతా మీ ఒక్కరి నెత్తిన పడుతుంది. వడ్డీ కూడా అసలులో కలిసిపోతుంది: 2 లక్షల మీద నెలకు 4,000 నడుస్తున్న వడ్డీ, 4,72,000 మీద 9,440 అవుతుంది. పైగా దావా వేసే గడువు దాటి కాలదోషం పట్టిన బాకీ అయినా, తీరుస్తానని సంతకంతో రాసిస్తే కాంట్రాక్టు చట్టం 25(3) దానికి మళ్లీ ప్రాణం పోస్తుంది. ‘సంక్రాంతికి సర్దుతాను’ అని వాట్సాప్‌లో మెసేజీ పెట్టినా దాన్ని మీ మీద సాక్ష్యంగా చూపిస్తారు.

ఇక ఫొటో చూడండి. కోరిన వెంటనే చెల్లించే నోటు మీద దావా వేసే గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. షావుకారు అడిగిన రోజు నుంచి లెక్క అనుకుంటారు చాలామంది, అది తప్పు. మీ నోటుకి 10-03-2025తో గడువు ముగియాలి. దానికి నాలుగు రోజుల ముందు వెయ్యి రూపాయల చెల్లు! అది నిజమైతే గడువు 06-03-2028 దాకా సాగుతుంది, అబద్ధమైతే నోటు మురిగిపోయినట్టే. కేసంతా ఆ రెండు లైన్ల మీదే నడుస్తుంది.

లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ అడిగేది ఒకటే: డబ్బు కట్టినవాడి చేతిరాత గానీ సంతకం గానీ ఉండాలి. షావుకారు తనే రాసుకుని తనే సంతకం పెట్టుకున్న చెల్లు పనికిరాదు. మీ విషయంలో నాన్నగారి సంతకమే ఉంది. అయితే కుడిచెయ్యి పడిపోయి రెండు నెలలైనవారి సంతకం ముందువైపు సంతకంలాగే వంకర లేకుండా, ఒకే ఒత్తుతో ఉంటే అనుమానించాలి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు, అంతకుముందు ఆయన సంతకం పెట్టిన బ్యాంకు ఫారాలు, పట్టాదారు పాసుపుస్తకం వెతికి భద్రపరచండి. కేసు పడితే, చెల్లు మేం ఒప్పుకోం అని మీరు కోర్టులో వేసే జవాబులో స్పష్టంగా రాస్తే, దాన్ని రుజువు చేయాల్సింది షావుకారే. సంతకం పోల్చడానికి నిపుణుడికి పంపమని పిటిషన్ వేయవచ్చు.

ముందువైపు రెవెన్యూ స్టాంపు కూడా చూడండి. స్టాంపు లేకపోయినా, దాని మీదుగా సంతకమో గీతో లేనందువల్ల అది రద్దు కాకపోయినా ఆ నోటు సాక్ష్యంగా పనికిరాదు. ప్రామిసరీ నోటుకి జరిమానా కట్టి సరిచేసుకునే వీలు కూడా లేదు. సాక్షులు లేరనో, దస్తూరి వేరేవాడనో చేసే వాదన మాత్రం నిలవదు. నోటుకి సాక్షి సంతకం చట్టం అడగలేదు.

4,72,000 ఎలా వచ్చిందో చూద్దాం. నూటికి 2 అంటే ఏడాదికి 24 శాతం. బారువడ్డీ అయితే ఏడాదికి 48,000, ఈ మార్చికి నాలుగేళ్లకి 1,92,000. అసలుతో కలిపి 3,92,000. పైన ఉన్న 80 వేలు ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపిన చక్రవడ్డీ. నోటులో చక్రవడ్డీ అని రాసి ఉందా? లేకపోతే అడిగే హక్కు లేదు. నాన్నగారు రైతు కాబట్టి మన కోస్తా జిల్లాల్లో వర్తించే 1938 నాటి వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం కింద వడ్డీ తగ్గించమనీ అడగవచ్చు. మీ వకీలుకి ఇది గుర్తుచేయండి.

ఖాళీ చెక్కుకి భయపడకండి. చెక్ బౌన్స్ నేరం చెక్కు ఇచ్చినవారిదే, వారసులకి రాదు. మరణ ధ్రువీకరణ పత్రం బ్యాంకులో ఇచ్చి ఖాతా ఆపించండి. మీ చెక్కు మాత్రం హామీగా కూడా ఇవ్వకండి.

20,000కి మించి నగదు అప్పు చెల్లదు కాబట్టి నోటు కూడా చెల్లదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం దానికి జరిమానా ఉంటుంది కానీ అప్పు రద్దు కాదని సుప్రీంకోర్టు 2025లో తేల్చింది. అలాగే పల్లం హడావుడిగా బావమరిది పేరో మరొకరి పేరో రాయించకండి. అప్పులవాళ్లని ఎగ్గొట్టడానికి చేసిన బదిలీగా దాన్ని కొట్టేయించుకోవచ్చు. పైగా తండ్రి ఆస్తి ఏమైందో లెక్క చెప్పలేని వారసుడు ఆ మేరకి సొంతంగా బాధ్యుడవుతాడు.

సమన్లు వస్తే తిప్పి పంపకండి. అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా. వెళ్లకపోతే మీ వాదన లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది, అది 12 ఏళ్లు బతికి ఉంటుంది. అమ్మగారికి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. టెక్కలి కోర్టు ఆవరణలోనే అడగవచ్చు.

అసలు తీసుకున్నమాట నిజమని అమ్మగారికి తెలిస్తే, నా ఉద్దేశంలో చెల్లు మీద మూడేళ్లు కొట్లాడేకన్నా అసలుకి న్యాయమైన బారువడ్డీ కలిపి రాజీ పడటం మేలు. ఆ రాజీ రచ్చబండ మీద కాకుండా లోక్ అదాలత్‌లో, కేసు పడకముందే చేసుకోండి. కోర్టు ఫీజుండదు, అక్కడిచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు ఉండదు. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. చివరి వాయిదా రోజున అసలు నోటు వెనక ‘పూర్తిగా చెల్లు’ అని షావుకారు చేత రాయించి, సంతకం పెట్టించి, నోటుతోపాటు ఆ ఖాళీ చెక్కు కూడా చేతికి తీసుకోండి.