ఒక్క ఛానెల్‌లో −2.8, అన్నీ కలిపితే −3.3: తప్పెక్కడ?

చిన్న మెజెల్లాన్ మేఘం (పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) 21 సెం.మీ. హైడ్రోజన్ రేడియో డేటాలో సన్నటి ఛానెల్‌కి (కాస్త వేగ పరిధిలోని వాయువునే చూపే చిత్రం) పవర్ స్పెక్ట్రమ్ (ఏ స్కేల్లో హెచ్చుతగ్గులు ఎంతో చెప్పేది) వాలు −2.8, అన్నీ కలిపితే −3.3 వస్తోంది, కోడ్ తప్పా అని అడిగారు. టెన్షన్ వద్దండి. 2001లో ఖగోళ శాస్త్రవేత్తలు స్టానిమిరోవిచ్, లజారియన్ ఇదే మేఘంలో దాదాపు ఇవే అంకెలు చూశారు.

సన్నటి ఛానెల్‌లో కనిపించే ముద్దలన్నీ నిజం ముద్దలు కావు. చూపు రేఖ మీద ఎక్కడెక్కడో ఉన్న వాయువు ఒకే వేగంతో కదిలితే ఒకే ఛానెల్లోకి వచ్చి పడుతుంది. దాంతో చిన్న స్కేళ్లలో పవర్ పెరిగి వాలు చదునవుతుంది. ఛానెల్స్ కలిపేకొద్దీ ఆ ప్రభావం చెరిగిపోతుంది, మిగిలేది సాంద్రత వాలు. అది −3 కన్నా నిటారు కాబట్టి, సన్నటి ఛానెల్ వాలు −3+m/2 అనుకోవాలి (దూరం పెరిగేకొద్దీ వేగాల తేడా ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం m). మీ −2.8 పెడితే m 0.4, అంటే వేగం స్పెక్ట్రమ్ వాలు −3−m, అంటే −3.4. టర్బులెన్స్‌కి (వాయువు అల్లకల్లోల కదలికకి) కోల్మొగరోవ్ సిద్ధాంతం చెప్పే −11/3 కన్నా కాస్త చదును, అంతే.

నా అనుమానమల్లా మీ ఫిట్ మీదే. బీమ్ (టెలిస్కోప్ విడదీసి చూడగల అతి చిన్న పరిమాణం) కన్నా చిన్న స్కేళ్లనూ కలిపేశారు. అక్కడ పవర్ పడిపోవడం టెలిస్కోప్ పని, టర్బులెన్స్‌ది కాదు. వాటిని వదిలేయండి. సిగ్నల్ లేని ఛానెల్స్‌లో నాయిస్ స్పెక్ట్రమ్ కొలిచి తీసేయండి. ఫూరియర్ చిత్రం మధ్యలో ప్లస్ గుర్తు కనిపిస్తే మ్యాప్ అంచుల్ని మెల్లగా సున్నాకి దించి మళ్లీ రన్ చేయండి.