హైదరాబాదులో చేప తినబోయే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మృగశిర కార్తె రోజుల్లో కోడలితో హైదరాబాదు వస్తున్నావని, సముద్రపు చేపలు వండే హోటల్లో ఒక పూట భోంచేయాలని ఉందని రాశావు. నేను ఊళ్లో ఉంటే వెంటబెట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి.

కార్తె మొదటిరోజు మాత్రం వెళ్లకు. ఆ రోజు ఊరంతా చేపే తింటుంది, వంటవాళ్లకు ఊపిరి సలపదు. మర్నాడు వెళ్లండి.

జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. అసలే విశాఖ నుంచి ఇక్కడికి 600 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఈ రోజుల్లో వంజరమో చందువో చూపించి "తాజాదేనండీ" అంటే, ఏ రేవు నుంచి ఎప్పుడు వచ్చిందో అడుగు. తడుముకోకుండా చెబితే సరే. రొయ్యలకు ఈ చిక్కు లేదు, భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లో పెంచినవే ఎక్కువ.

నా మాట వింటే కొర్రమీను తినండి. సముద్రపు చేప కాదని చిన్నచూపు వద్దు, తెలంగాణ రాష్ట్ర చేప అదే. రాంనగర్ మార్కెట్లో తొట్టి దగ్గర నిలబడి చూడు: జానెడు నీళ్లలో ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతూ, ఉండుండి మూతి పైకెత్తి గాలి మింగుతుంటాయి. అందుకే ఇంత దూరం బతికే వస్తాయి. నడిమి ముల్లు తప్ప సన్న ముళ్లు పెద్దగా ఉండవు కనుక కోడలికీ ఇబ్బంది ఉండదు.

ఏ చేపయినా వండకముందే చూపించమను. మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. కిలో లెక్కన ధర చెబితే నీ ఎదుటే తూయించు.

అపోలో ఫిష్ ఈ ఊరి పేరున్న వంటకం, తప్పక రుచి చూడండి. కానీ ఆ కారంలో, కరివేపాకులో చేప మంచిచెడ్డలు నాలుకకు అందవు. పులుసు దాచదు.

ఒకసారి ఒక హోటల్లో పీత డొప్ప విప్పగానే ముక్కు మండేంత ఘాటు వాసన వచ్చింది. ఎదుట చుట్టాలున్నారని మొహమాటపడి తిన్నాను. ఆ రాత్రి మీ పెద్దమ్మ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. నువ్వు అలా చేయకు. వాసన తేడాగా ఉంటే పళ్లెం వెనక్కి పంపించు, కోడలి ముందు చిన్నతనమని అనుకోకు.

అన్నంలోకి కొర్రమీను పులుసు చెప్పు, నడిమి ముక్కలు వేయమను.

మీ పెదనాన్న