నడివయసులో తక్కువ ఖర్చుతో నాణ్యమైన క్లాసిక్ దుస్తులకు మారాలంటే బీరువా అంతా ఒకేసారి మార్చాలా?

అక్కర్లేదు, తరచుగా వేసుకునే రెండు మూడింటిని ముందు మంచి రకానికి మార్చి, మిగిలినవి పాతబడే కొద్దీ ఒక్కొక్కటిగా మార్చుకుంటే సరిపోతుంది. దుస్తుల అసలు ఖర్చు, కొన్న ధరను వేసుకున్నన్నిసార్లతో భాగిస్తే తేలుతుంది. ఉదాహరణకు, 40 సార్లకే వెలిసిపోయే చొక్కా కన్నా రెట్టింపు ధర పెట్టి కొన్న చొక్కా 120 సార్లు నిలిస్తే, ఒక్కోసారికి పడే ఖర్చు మొదటిదానిలో మూడింట రెండు వంతులే.

నాణ్యతను లోపలి వైపు తిప్పి చూడాలి. నడివయసులో నడుము కొలత మారడం మామూలే కాబట్టి, ప్యాంటు వెనుక కుట్టు దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల బట్ట మిగిల్చి ఉంటే దర్జీ దాన్ని విప్పి వదులు చేయగలడు. అంచుదాకా కత్తిరించి ఓవర్‌లాక్ కొట్టినదాన్ని, అది ఎంత ఖరీదైనదైనా, పెద్దగా వదులు చేయలేడు. పొట్టి పీచు నూలుతో నేసిన బట్ట రాపిడికి త్వరగా ఉండలు కడుతుంది. పొడవు పీచుది అంత త్వరగా కట్టదు.

చాలామంది పొరబడేది ఉన్ని సూట్లపై కనిపించే ‘సూపర్ 120’, ‘సూపర్ 150’ అంకెల విషయంలో. అవి పీచు ఎంత సన్ననిదో చెబుతాయే గాని మన్నికను కాదు. అంకె పెరిగిన కొద్దీ బట్ట మెత్తబడుతుంది, సాధారణంగా నాజూకూ అవుతుంది. రోజువారీ వాడకానికి 100, 110 రకాలే మేలు, పైగా ధరా తక్కువే.