వేరే మతం వాళ్ళతో మనసు విప్పి మాట్లాడాలంటే ఏం చేయాలి?

"అన్ని మతాలూ చెప్పేది ఒకటే" అనే మాట మాత్రం ఎత్తకండి. అది ఎత్తితే అక్కడితో మాటలు అయిపోయినట్టే. తిరుపతిలో ఉండేవాణ్ణి, యాభై దాటినాయి. ఆ వాక్యం తర్వాత ఒకరు ఇంకొకర్ని ఏదన్నా అడగ్గా నేను చూడలేదు. టీ తాగి, ఫోటో దిగి, ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు.

మా ఊళ్ళో అట్లాంటి సభలకేం కొదవ లేదు. ఒక స్వామి, ఒక మౌల్వీ, ఒక పాస్టరు, మూడు శాలువాలు. మైకు పట్టుకున్న ప్రతివాడూ వెంకటేశ్వరస్వామికి ముస్లిం భార్య అని చెప్పుకునే బీబీ నాంచారమ్మను తలుచుకుంటాడు. ఉగాది రోజు దేవుని కడపలో ముస్లింలు "మా ఇంటి అల్లుడు" అంటూ వెంకటేశ్వరస్వామి దర్శనానికి వస్తారంటాడు. కొండ మీద అష్టదళ పాదపద్మారాధనకు 108 బంగారు పూలు సమర్పించింది ఒక ముస్లిం భక్తుడే కదా అంటాడు. రెండూ నిజమే, నాకూ గర్వమే. కానీ ఆ సభలో గట్టిగా చప్పట్లు కొట్టిన మా వీధి పెద్దమనిషే, ఇల్లు అద్దెకు అడగను వచ్చిన కుర్రాడి పేరు వినంగానే "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చినారబ్బా" అన్నాడు. టు లెట్ బోర్డు ఇంకో రెండు నెలలు గేటుకు వేలాడతానే ఉండింది.

సరే, నా సంగతి చెప్తా.

మా ఆఫీసులో నా ఎదురు టేబుల్ ఒక అక్కది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వాళ్ళ తాత ఆర్కాట్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళ బడిలో చదివి, మదనపల్లి పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో పనికి కుదిరినాడంట. మూడు తరాల క్రైస్తవ కుటుంబం. పదేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నాం. కూరలు మార్చుకున్నాం, పిల్లల ఫీజులకు చేబదుళ్ళు ఇచ్చుకున్నాం. దేవుడి మాట మాత్రం ఒక్కసారీ రాలేదు. దాన్నే నేను మతసామరస్యం అనుకునేవాణ్ణి.

తిరుపతి ఆఫీసుల్లో ఎవరు కొండకి పోయొచ్చినా లడ్డు తెచ్చి తలా చిటికెడు పెట్టడం రివాజు. పన్నెండు మందికి ఒక చిన్న లడ్డు అంటే చిటికెడే వస్తుంది, అందులో జీడిపప్పు ఎవరికి పడిందనేది వేరే గొడవ. అక్కకూ కాగితంలో పెట్టి ఇచ్చేవాణ్ణి. "తర్వాత తింటాలే నాయనా" అని డ్రాయర్లో పెట్టుకునేది.

ఒక రోజు అటెండరు ఆ డ్రాయరు లాగి, "సార్, చీమలు!" అని అరిచినాడు. పోయి చూస్తే ఏడెనిమిది పొట్లాలు, వరసగా, పైన ఒక పాత రిజిస్టరు. కొన్ని రాళ్ళయిపోయినాయి. నాకు తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకూ అర్థమైంది, ఆమె కూడా పలకరించలేదు.

నాలుగో రోజు ఆడిట్ పని. రాత్రి ఎనిమిదైనా ఇద్దరమే కూర్చుని ఓచర్లు సరి చూస్తా ఉన్నాం. కరెంటు పోయింది. చీకట్లో ధైర్యం వచ్చిందేమో, అడిగేసినా. "తినేది లేనప్పుడు తీసుకునేదెందుకక్కా?"

"వద్దంటే నువ్వు నొచ్చుకుంటావని. పారేస్తే ఇంకా తప్పని దాచిపెట్టినా."

అప్పుడు చెప్పింది. విగ్రహాలకు పెట్టింది వాళ్ళు తినరు. బైబిల్లో కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, ఎనిమిదో అధ్యాయం. సెల్లులో తీసి, ఆ వెలుతుర్లోనే చదివి వినిపించింది. నేను లెక్కల మనిషిని, లొసుగు కనిపిస్తే వదలను. ఆయన అన్నదేంది? విగ్రహం ఉత్తదే, తిన్నా తినకపోయినా భోజనంతో వచ్చేదీ పోయేదీ లేదు, కాకపోతే నువ్వు తినేది చూసి విశ్వాసంలో బలం చాలని సోదరుడు తడబడతాడంటే మానుకో అని. "అంటే నువ్వు తినొచ్చనే కదక్కా!" అన్నా. "మా అమ్మ తడబడతాది" అనింది. ఇద్దరం నవ్వినాం.

కానీ "విగ్రహం ఉత్తదే" అన్న ముక్క నా గొంతులో ముల్లు మాదిరి గుచ్చుకుంది. చెప్పేసినా. ఆమె సారీ చెప్పలేదు, మాట వెనక్కీ తీసుకోలేదు. "కోపం వచ్చిందా? రానీ" అని ఓచర్ల కట్ట పక్కకు జరిపింది. "నేనూ ఒకటి అడుగుతా. మీ ఊళ్ళో మా వాళ్ళకు నీళ్ళు దేంట్లో పోసేవాళ్ళు?"

మాది పుత్తూరు పక్కన పల్లె. మా కొట్టం చూరులో ఒక సత్తు గ్లాసు చెక్కి ఉండేది. కూలికి వచ్చిన దళితవాడ వాళ్ళు అది తీసుకుని, తాగి, వాళ్ళే కడిగి మళ్ళీ అక్కడే చెక్కేవాళ్ళు. చిన్నప్పుడు నేనది ముట్టుకుంటే మా అమ్మ వీపు మీద ఒకటి వేసింది.

చెప్పినా. "నేను లడ్డు తినంది నా దేవుడి కోసం నాయనా. ఆ గ్లాసు ఏ దేవుడి కోసం?" అనింది. నా దగ్గర జవాబు లేదు. కరెంటు వచ్చింది, మళ్ళీ ఓచర్లు.

పదేళ్ళలో మేం నిజంగా మాట్లాడుకున్నది ఆ రాత్రే. అందుకే చెప్తున్నా, మర్యాదే అడ్డం. మా గంగమ్మ జాతరలో వేషం కట్టినోడు నడిరోడ్డులో బూతులు తిట్టినా ఎవరూ ఏమనుకోరు. అదే మనిషి మామూలు చొక్కాలో "మీరు మా ప్రసాదం ఎందుకు తినరు?" అని నెమ్మదిగా అడిగితే, ఎందుకొచ్చిన గొడవ అని నలుగురూ లాగేస్తారు. అడగండి. నలుగురిలో వద్దు, ఇద్దరే ఉన్నప్పుడు, చేతిలో ఏదో ఒక పని ఉన్నప్పుడు. వాట్సాప్‌లో అసలే వద్దు. మా బ్యాచ్ గ్రూపులో మతం మీద వచ్చే ఫార్వర్డులు చూస్తే, చిత్తూరు మామిడి మండీలో వేలంపాట కూడా ప్రశాంతంగా ఉంటుందనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆ మనిషితో ముందు పదేళ్ళు కూరలు మార్చుకుని ఉండాలి. పరిచయమైన వారానికే ఇట్లా అడిగితే నాకేమీ సంబంధం లేదు.

అక్క రిటైరయి రేణిగుంటలో ఉంటోంది. నేనిప్పుడు లడ్డు ఇవ్వను, ఆమె డ్రాయర్లో దాచే పనీ లేదు. క్రిస్మస్‌కు మాత్రం కేకు పంపిస్తుంది. నేనూ నా భార్యా తింటాం. మా అమ్మ తినదు, వాచ్‌మన్ పిల్లలకు ఇచ్చేస్తుంది. ఆ మాట దాచకుండా చెప్పినా. "ఇచ్చేస్తుంది కదా, నా మాదిరి చీమల పాలు చేయలేదు" అని పడీపడీ నవ్వింది.

గ్లాసు గురించి మా అమ్మనే ఇంకా అడగలేదు. ఎనభై రెండేళ్ళు ఆమెకు. రోజూ ఆమె పక్కనే కూర్చుని కాఫీ తాగుతా.